పేరు దక్కని సిపాయి

ప్రవాసాంధ్ర సంఘముల వార్షిక సంచికలను తిరుగవేయు వారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును. శ్రీకృష్ణదేవరాయల వైభవమును గూర్చి ఒక వ్యాసము తప్పక యుండును. త్యాగరాజస్వామివారి తెలుగును గూర్చి మఱియొకటి యుండును. తంజావూరు, మధుర నాయకరాజుల విద్యాపోషణమును గూర్చి వేఱొకటి యుండును. ఇవి యుండవలసినవే. కాని మన తాతలలోను, ముత్తాతలలోను ఎందఱో కాకీ దుస్తులు ధరించి, తుపాకి భుజమున నుంచుకొని, ఓడలెక్కి పోయి తిరిగి రాలేదు. వారిని గూర్చిన పుట మన సంచికలలో బహు అరుదు. రాజుల బిరుదులు మనకు కంఠస్థములు. మన యింటి గడప దాటి వెళ్ళిన సిపాయి ఏ పటాలమువాడో, ఏ తేదీన, ఏ చోట కన్నుమూసెనో మన మెఱుగము. ఎఱుగమన్న సిగ్గైనను మనకు లేదు. ఆ సిగ్గును కలిగింపవలెననియే ఈ వ్యాసము.

నా వాదమును ముందే చెప్పెదను. యుద్ధములో మరణించిన సామాన్య పదాతిని ప్రభుత్వములు లెక్కలో వేసికొన్నవి. పెక్కు చోట్ల పేరును నిలుపలేదు. ఆ పేరును వెదకి ఋజువుతో నిలుపవలసిన బాధ్యత ఆతని వంశమువారిది, ఆతని యూరివారిది. స్వరాష్ట్రమునకు వెలుపల స్థిరపడిన మనకు ఈ బాధ్యత రెండింతలు. ఏలయన, మనము పూనుకొననిచో మఱెవ్వరును పూనుకొనరు.

లెక్కకును పేరునకును గల భేదమెట్టిదో కొన్ని నిదర్శనములు చూడుడు. మొదటి ప్రపంచ యుద్ధమున భారత సైన్యమునుండి 10 లక్షలకు పైగా జనులు సముద్రములు దాటి వెళ్ళిరి. 70,000 మందికి పైగా మరణించిరి. వారి స్మృత్యర్థము ఢిల్లీలో ఇండియా గేటునకు 1921లో శంకుస్థాపన జరిగినది; 1931లో అది ఆవిష్కరింపబడినది. దానిపై చెక్కిన పేర్లు 13,000 చిల్లర మాత్రమే. అవియు వాయవ్య సరిహద్దు ప్రాంతమునను, 1919 నాటి అఫ్గాన్ యుద్ధమునను అసువులు బాసిన వారివి. మిగిలిన వారికి ఆ కట్టడము మొత్తముగా చెందును గాని పేరు పేరున చెందదు.

సామ్రాజ్య యుద్ధసమాధుల కమిషన్ 1917లో స్థాపింపబడినది. 1960 నుండి దానికి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని పేరు. పదవి, జాతి, మత భేదములు పాటింపక మృతులందఱిని సమానముగా స్మరింపవలెననునది దాని మూలసూత్రము. ఫ్రాన్సు దేశమున న్యూవ్ షపెల్‌లో 1927లో ఆవిష్కృతమైన స్మారకముపై 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కించి ఆ సూత్రమును నిలిపిరి. ఐరోపా ప్రజలు చూచు చోట అట్లు జరిగినది. ఇఱాక్ దేశమున బస్రాలో 1929లో ఆవిష్కరించిన స్మారకమునందు జరిగిన దేమి? తెల్లవారిలో సామాన్య సైనికునకును రాతిపై పేరు కలదు. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కిరి. ఒక్కొక్క పటాలము క్రింద తక్కిన సిపాయిల సంఖ్య వేసి ఊరకొనిరి. ఆ సిపాయిల పేర్లు పుస్తకములకు ఎక్కినవి, రాతికి ఎక్కలేదు.

ఇది నేను కోపముచే చెప్పు మాట కాదు. ఆ కమిషనే నియమించిన సంఘము 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన నివేదికలో ఒప్పుకొన్న మాట. 45,000 నుండి 54,000 మంది వఱకు ఆసియా, ఆఫ్రికా వాసులు అసమానముగా స్మరింపబడిరనియు, కనీసము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది వఱకు, పేరుతో గాని, కొందఱు ఏ విధముగా గాని స్మరింపబడలేదనియు ఆ నివేదిక చెప్పినది. ఈ రెండవ వర్గములో అధికులు తూర్పు ఆఫ్రికావారు, ఈజిప్టువారు. మొదటి వర్గములో మనవారు కలరు. కమిషన్ క్షమాపణ చెప్పినది. నూఱేండ్లకు వచ్చిన ఆ క్షమాపణ మన యింట ఎవరికి చెందవలసినదో మనము చెప్పగలమా?

అంత దూర మేల? మన ప్రాంతములలో పాత కచేరీ గోడలపైనను, గ్రామచావడులలోను నేటికిని కొన్ని శిలాఫలకములు కనబడును. 1914 నుండి 1919 వఱకు జరిగిన మహాయుద్ధమునకు ఈ యూరినుండి ఇందఱు వెళ్ళిరి, వారిలో ఇందఱు ప్రాణములు విడిచిరి అని వాటిపై ఇంగ్లీషున చెక్కియుండును. సంఖ్యలు రెండు; పేరు ఒక్కటియు లేదు. ఆ ఫలకమునకు ఏటేట సున్నము తగిలించుచు మనము నడచిపోవుచున్నాము.

స్వతంత్ర భారతమైనను ఈ లోటును తీర్చలేదు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభింపబడిన జాతీయ యుద్ధ స్మారకమునందు 25,000 మందికి పైగా వీరుల పేర్లు చెక్కబడినవి. అది ఎంతయు శ్లాఘనీయము. కాని ఆ పేర్లు స్వాతంత్ర్యానంతరము మరణించిన వారివి. 1947కు పూర్వము మరణించిన సిపాయి ఆ గోడలకు చెందడు. పాత ప్రభుత్వము ఆతనిని సంఖ్యగా చూచినది. కొత్త ప్రభుత్వమునకు ఆతడు పాత ప్రభుత్వపు మనిషి.

ఈ నామలోపము తెలుగు సిపాయికి కొత్త కాదు. క్లైవు మద్రాసునుండి సిపాయిలను వంగదేశమునకు కొనిపోయిన 1756-57 కాలమునుండి ఉత్తర హిందూస్థానమున సిపాయికి తిలంగా యను పేరు స్థిరపడినది. 1857 తిరుగుబాటు నాటికి ఏ ప్రాంతపు సిపాయినైనను ఢిల్లీ ప్రజలు తిలంగా యనియే పిలిచిరి. ఒక జాతి పేరు వృత్తి పేరైనది. ఆ పేరు తెచ్చిన మనుష్యులు మాత్రము అనామకులుగానే మిగిలిరి. పిదప పందొమ్మిదవ శతాబ్ది చివర యుద్ధజాతుల సిద్ధాంతము తలయెత్తినది. 1881 నుండి 1885 వఱకు మద్రాసు సైన్యమునకు అధిపతిగా నుండిన రాబర్ట్సు దొర దాక్షిణాత్యులు యుద్ధమునకు తగరని తీర్మానించెను. మద్రాసు పటాలములు ఒకటొకటిగా తగ్గింపబడినవి. కొన్ని పాత మద్రాసు సంఖ్యలు పంజాబీల పటాలములకు పోయినవి. 1920ల చివరికి మద్రాసు పదాతి రెజిమెంటు పూర్తిగా రద్దయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధము ముంచుకొనివచ్చిన తరువాత అదే దొరతనము దానిని పునరుద్ధరించినది. అవసరమునకు మాత్రమే పనికివచ్చిన సిపాయికి స్మరణమునందు పాలు లేకుండుట వింత గాదు.

ఇట్టి స్మరణము మన సంప్రదాయమున లేదందురా? కోలారు, చిత్తూరు, ధర్మపురి, అనంతపురము ప్రాంతములలో పొలము గట్లపై నిలిచియున్న వీరగల్లులను చూడుడు. పసులను కాచుటకో, ఊరిని కాచుటకో పోరాడి పడిన సామాన్యుని రూపమును రాతిపై మలచి, పెక్కింటిపై ఆతని పేరును, ఊరును, మరణించిన తీరును వ్రాయించిరి. వేయేండ్ల క్రిందట ఊరి పెద్దలు చేయగలిగిన పనిని పత్రికలు, ముద్రణాలయములు, కంప్యూటర్లు కల మనము చేయలేకున్నాము. పల్నాటి కారెమపూడిలో కార్తిక మాసమున నేటికిని వీరారాధన జరుగుచున్నది. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరము రెండు మహాయుద్ధములకు తన బిడ్డలను పంపి, మిలిటరీ మాధవరమని పేరు గాంచి, ఆ స్మృతిని నిలుపుకొన్నది. సంప్రదాయమున్నది, మనయందు పట్టుదల లేదు.

ఇక వెలుపలి తెలుగువారి ప్రత్యేకమైన చిక్కును చెప్పవలెను. సిపాయి మరణించినప్పటి సరిహద్దులు వేఱు, నేటి సరిహద్దులు వేఱు. మొదటి యుద్ధకాలమున గంజాము సిపాయి చిరునామా మద్రాసు రాష్ట్రము. 1936 ఏప్రిల్ 1 నుండి గంజాములో అధికభాగము ఒడిశాది. రెండవ యుద్ధమున బళ్ళారి సిపాయిది మద్రాసు రాష్ట్రము; 1953 అక్టోబరు 1 నుండి బళ్ళారి మైసూరుది. హోసూరు నాడు సేలము జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని పోయినది. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలోనిది. అచ్చటి సిపాయిని వెదకువారు లండను వైపు గాక పారిసు వైపు చూడవలెను. ఫ్రెంచి రక్షణశాఖ తమ దేశమునకై మరణించిన వారిలో ఒక్కొక్కరికి ఒక పత్రమును, పుట్టిన యూరు, పటాలము, మరణించిన చోటు సహా, అందఱికిని అందుబాటులో నుంచినది.

తెలుగు రాష్ట్రములవారు వీరుల పట్టిక వేసినచో మన హోసూరువాడు, బళ్ళారివాడు, బరంపురమువాడు వారి జిల్లాలలో లేడు. మన మున్న రాష్ట్రమువారు పట్టిక వేసినచో పరభాషవాని యింటి పేరును వెదకి పట్టుకొనువా రెవరు? సైన్యమువారు ఆతనికి మద్రాసీ యని ఒక్క మాట తగిలించి విడిచిరి. రెండు ఇండ్ల చుట్టము పస్తున్న చందమున, రెండు రాష్ట్రముల నడుమ మన సిపాయి మాయమగుచున్నాడు.

ఈ విషయమున మూడు ఆక్షేపణలు తఱచుగా వినవచ్చును.

పరాయి దొరకు జీతమునకై పోరాడినవానిని స్మరించుట దేశభక్తికి భంగమని మొదటిది. మొదటి యుద్ధారంభమున సిపాయి జీతము నెలకు 11 రూపాయలు. వాన లేని సీమలో ఆ పదునొకండు రూపాయలకు ఎన్ని నోళ్ళు ఎదురుచూచెనో ఆలోచింపక, నిండు కడుపున కూర్చుండి ఆతనికి దేశభక్తి పాఠము చెప్పుట సులభము. ఆ దొరతనమునే సేవించిన గుమాస్తాలను, తహసీలుదారులను, ప్లీడర్లను మనము వంశవృక్షములలో సగర్వముగా వ్రాసికొనుచున్నాము గదా! కలము పట్టినవానికి లేని దోషము తుపాకి పట్టినవానికి ఎట్లు వచ్చినది? ఆతడు చేసిన యుద్ధమును మనము మెచ్చుకొననక్కఱలేదు. ఆతని మరణమును తెలిసికొనుటకు ఆ మెప్పు అవసరము లేదు.

ఇంటిలో పెద్దలు చెప్పిన కథ యుండగా పరిశోధన మేల యని రెండవది. ఇదియే మిక్కిలి ప్రమాదకరము. జర్మనీ యుద్ధములో మా తాతగారు కెప్టెనుగా నుండిరి, విక్టోరియా క్రాసు పొందిరి, రాజుగారితో కరచాలనము చేసిరి అని వ్రాయుటకు వెనుదీయనివారు కలరు. విక్టోరియా క్రాసునకు భారతీయ సైనికులు అర్హులైనది 1911లో. దానిని పొందిన ప్రతివాని పేరును ప్రకటితము. అందు లేని పేరును చేర్చుట మన తరము గాదు. లేని పతకమును తగిలించినచో ఉన్న మనిషి మఱుగుపడును. నాయకు పదవి సైతము పొందక, మలేరియాతోనో విరేచనములతోనో ఆస్పత్రి డేరాలో మరణించిన సిపాయిని గూర్చి ఉన్నదున్నట్లు వ్రాయుటకు మనము ఏల సిగ్గుపడవలెను? మెసపొటేమియాలోను, తూర్పు ఆఫ్రికాలోను, బర్మాలోను రోగములు గుండ్లతో పోటీపడి జనులను చంపినవి. ఆ మరణమును యుద్ధమరణమే.

మా కులము వీరకులమని చాటుకొనుటకు ఇది సాధనమగునని మూడవది. దీనిని ఆక్షేపణమనుటకంటె ఆశ యనుట మేలు. సిపాయిని కులసభల పతాకమున కుట్టుటకొఱకు ఈ పరిశ్రమ వలదు. ఆతని ప్రక్కన బరువులు మోసినవాడు, వంట చేసినవాడు, గుఱ్ఱములకు మేత వేసినవాడు వేఱు కులములవారు. వారును మన యూళ్ళవారే, తెలుగు మాటలాడినవారే. పట్టికలో వారికి చోటు లేనిచో బస్రా స్మారకము చేసిన తప్పును మన మింటింట చేసినవార మగుదుము.

పరిశోధన మనగానే లండనుకు పోవలెనేమో యని భయపడనక్కఱలేదు. పని ఇంటిలోనే మొదలగును. మొదటి యుద్ధపు పతకములకు చుట్టును అంచుపై సైనికుని సంఖ్య, హోదా, పేరు, పటాలము ముద్రింపబడి యుండును. రెండవ యుద్ధపు నక్షత్ర పతకములను బ్రిటిషు సైనికులకు పేరు లేకుండ ఇచ్చిరి. భారతీయులకు ఇచ్చిన వాటిపై పేరు కలదు. మొదటి యుద్ధమున మరణించినవారి కుటుంబములకు మృతుని పేరు పోతపోసిన గుండ్రని కంచు ఫలకమును, సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసము కలదానిని, పంపిరి. దానిపై హోదా వ్రాయలేదు. మరణమున అందఱు సమానులను భావముతో పేరు మాత్రమే వ్రాసిరి. రాతిపై దక్కని పేరు కంచుపై ఇంటికి వచ్చినది! అట్టి ఫలకములలో ఎన్ని పాత సామానుల బండికెక్కి తూకమునకు పోయినవో! పెట్టె అడుగున ఇంకను ఏదేని మిగిలియున్నచో నేడే తీసి చూడుడు. డిశ్చార్జి పుస్తకము, వితంతువు పెన్షను కాగితము, మాజీ సైనికుల కోటాలో వచ్చిన భూమి పట్టా, ఇవన్నియు సాక్ష్యములే.

అన్నిటికంటె ముఖ్యమైనది సైనిక సంఖ్య. పేర్లు ఒకటే యుండవచ్చును. ఒకే పటాలమున ఒకే కాలమున ఆ సంఖ్య మఱియొకనికి ఉండదు. అది దొరకినచో పటాలపు రికార్డు కార్యాలయమునకు వ్రాయవచ్చును. నేటి మద్రాసు రెజిమెంటు కేంద్రము నీలగిరులలో వెల్లింగ్టనున కలదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకును వ్రాయవచ్చును. పటాలము పేరును చూచి మోసపోరాదు. 73వ, 75వ, 79వ కర్ణాటిక్ పదాతి దళములు మద్రాసు సైన్యములోనివి. ఆ పేరు కన్నడిగుల పటాలమని సూచింపదు. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద పోరాడిన పాళయంకోట లైట్ ఇన్ఫంట్రీ 63వ మద్రాసు దళమే. మైసూరు, హైదరాబాదు సంస్థానముల పదాతులు రెండవ యుద్ధమున మలయాకు వెళ్ళిరి. 1941 డిసెంబరు 8న జపానువారు దిగిన కోటబారు విమానాశ్రయమును కాచినవారిలో హైదరాబాదు పదాతులుండిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా వేలాది భారతీయ సైనికులు బందీలైరి. ఈ రెండవ యుద్ధమున దేహము దొరకని సిపాయిల పేర్లు రాతికెక్కినవి. సింగపూరు క్రాంజీ స్మారకమున 24,000కు పైగాను, బర్మాలో తౌక్యాన్ వద్ద గల రంగూను స్మారకమున 27,000కు చేరువగాను పేర్లు కలవు. కమిషనువారి పట్టికలలో తండ్రి పేరు, ఊరు, జిల్లా సైతము అనేకులకు వ్రాయబడినవి. వానిని ఇంటనుండియే వెదకవచ్చును.

వెదకునప్పుడు మన పేర్లు ఎన్ని చేతులు మాఱినవో మఱవరాదు. తెలుగు పేరును హిందూస్థానీ ఎఱిగిన గుమాస్తా విని, ఇంగ్లీషు లిపిలో వ్రాసినాడు. ఎఱ్ఱప్ప యను పేరు ఇంగ్లీషు ఈ అక్షరముతో మొదలు కావచ్చును, వై అక్షరముతో మొదలు కావచ్చును. ఇంటి పేరు ముందుండవచ్చును, వెనుకకు పోవచ్చును, మొత్తమునకే పోవచ్చును. నాయుడు తమిళ జిల్లాలో నాయకరైయుండవచ్చును. బరంపురమను నగరములు రెండు, ఒకటి గంజాములోనిది, ఒకటి వంగదేశములోనిది. రెండింటికిని పాత ఇంగ్లీషు వ్రాత ఒకటే. ఇట్టి మెలకువలు పరాయి పరిశోధకునకు తట్టవు. మన భాష, మన యింటి పేర్లు, మన గ్రామముల పాత పేర్లు ఎఱిగిన మనకు మాత్రమే తట్టును.

మరణించిన తేదీ తెలిసినచో పటాలపు యుద్ధదినచర్యలను చూడవచ్చును. అవి లండనులోని జాతీయ దస్త్రాగారమున కలవు. అందు అధికారుల పేర్లుండును. సిపాయిలు చాల వఱకు ఇందఱు మరణించిరి, ఇందఱు గాయపడిరి అని మరల సంఖ్యగానే కనబడుదురు. అయినను ఆనాడు ఆ పటాలము ఏ నది ఒడ్డున నుండెనో, ఎదుట ఎవరుండిరో తెలియును. ఆ సంఖ్యలో ఒకటి మన తాతగారని చెప్పగల సాక్ష్యము మన చేతిలో నుండును. లెక్కనుండి పేరును విడదీయుట యనగా ఇదియే.

లాహోరు మ్యూజియములో దాదాపు శతాబ్దము పడియున్న, సుమారు 3,20,000 మంది పంజాబు సైనికుల వివరములు గల రిజిస్టర్లను 2021లో వెలుగులోనికి తేనారంభించినవా రెవరు? బ్రిటనులో స్థిరపడిన పంజాబీల సంస్థయు, గ్రీనిచ్ విశ్వవిద్యాలయమును. వారును మనవలెనే స్వస్థలము విడిచి స్థిరపడినవారే. పంజాబీలు యుద్ధజాతివారు గనుక అట్లు చేసిరని తప్పించుకొనుటకు వీలులేదు. వారు చూపిన గుణము ఓపిక. అది ఏ జాతికిని గుత్తసొమ్ము కాదు.

కావున సంఘముల కార్యవర్గములకు నా విన్నపము, విన్నపముకంటె ఎక్కువగా నా పట్టు, ఇది. వచ్చు సంచికనుండి ప్రతి సంచికలోను నాలుగు పుటలు ఈ పట్టికకు విడువుడు. మొదటి వరుసలో సైనికుని యింటి పేరు, పేరు, తండ్రి పేరు, నాటి గ్రామము, నాటి జిల్లా, నేటి జిల్లా. రెండవ వరుసలో సంఖ్య, హోదా, పటాలము. మూడవ వరుసలో మరణించిన తేదీ, చోటు, కారణము. నాలుగవ వరుసలో ఆధారము: పతకమా, పెన్షను కాగితమా, స్మారక పట్టికయా, పెద్దల మాటయా. ఆధారము లేని గడిని ఖాళీగా నుంచుడు, అందమునకై పూరింపవలదు. ఖాళీ గడిని చూచి రేపు మఱియొకరు దానిని పూరింప పూనుకొందురు. అబద్ధముతో నిండిన గడిని ఎవరును మరల తెఱవరు.

ఆ నాలుగు పుటలకు చోటు లేదని సంపాదకులు చెప్పుదురేమో. ప్రకటనల పుటలలో నాలుగు తగ్గింపుడు. సిపాయి భార్యను, బిడ్డను కంటితో చూచిన వృద్ధులు మన యిండ్లలో ఇంకను కొందఱున్నారు. ఆయన పోయిన తరువాత మనియార్డరు ఏ యూరి పోస్టాఫీసునకు వచ్చెడిదో, మరణవార్త తెచ్చిన కాగితము ఏ పెట్టెలో నుండెడిదో వారికి జ్ఞప్తి యున్నది. ఈ సంచిక చదివి ముగించిన దినముననే వారి చెంతకు పోయి అడుగుడు. వారు చెప్పినది తేదీ వేసి వ్రాసికొనుడు.